ఒకే కమిటీ ముందు వేస్ట్ ఇంజెక్షన్ బావుల బిల్లు, చేపల హేచరీ బిల్లు. ఈ రెండిటికీ సంబంధం ఏంటో ఎవరైనా చెప్తారా?

పెరుంగుడి నైట్‌షిఫ్ట్:

ఫ్రెండ్స్, నవ్వుకోకండి, గూగుల్ చేస్తే అంతా లాయర్ల భాషలో వస్తోంది, బుర్రకెక్కట్లేదు.

నేను చెన్నైలో ఓఎంఆర్ మీద ఒక చిన్న కంపెనీలో చేస్తున్నా. అమెరికాలో ఒక్కో రాష్ట్రం అసెంబ్లీలో పెట్టే బిల్లులు చదివి నాలుగు లైన్లలో సమ్మరీ రాసి, ఏ సబ్జెక్టో ట్యాగ్ వేసి తెల్లారేలోపు క్లయింట్‌కి పంపాలి, అదీ మా పని. చెప్పుకోడానికి బానే ఉంటుంది గానీ చాలావరకు నిద్రొచ్చే సరుకు, కారు నంబర్ ప్లేట్ మీద ఏ పిట్ట బొమ్మ వెయ్యాలి లాంటివి.

మొన్న రాత్రి ఒక రాష్ట్రం (పేరు చెప్పకూడదు, ఆఫీస్ రూలు) హౌస్ కమిటీ అజెండాలో రెండు బిల్లులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మొదటిది వేస్ట్ ఇంజెక్షన్ వెల్స్ గురించి. అంటే ఫ్యాక్టరీల నీళ్ళు, ఆయిల్ కంపెనీల నీళ్ళు బోరు వేసి భూమిలోకి పంప్ చేస్తారంట, ఆ పర్మిట్ ఇచ్చేముందు చుట్టుపక్కల వాళ్ళకి నోటీసు ఇవ్వాలి, హియరింగ్ పెట్టాలి అని. రెండోది గవర్నమెంట్ చేపల హేచరీల (చేపపిల్లల్ని పుట్టించి పెంచే కేంద్రాలు) రిపేర్లకి డబ్బులు. నేను మొదటిదానికి ఎనర్జీ, రెండోదానికి అగ్రికల్చర్ అని ట్యాగ్ వేసి పంపేశా. రివ్యూ చేసే ఆవిడ రెండూ వెనక్కి కొట్టి "రెండిటికీ గ్రౌండ్ వాటర్ కూడా పెట్టు" అని ఒక్క ముక్క రాసింది, ఎందుకో చెప్పలేదు. అడుగుదామంటే నాకు అప్పుడు రాత్రి రెండున్నర, క్యూలో ఇంకో ఇరవై బిల్లులు.

హియరింగ్ వీడియో కూడా కాసేపు పెట్టుకుని చూశా. తలకి రెండు నిమిషాలు, టైమర్ మోగితే మైకు కట్. హేచరీ బిల్లు కోసం వచ్చిన ఒక ముసలాయన, చేపలు పట్టే క్లబ్బు టోపీ పెట్టుకుని ఉన్నాడు, ఆయనకిచ్చిన రెండు నిమిషాల్లో ఒకటిన్నర నిమిషం ఇంజెక్షన్ బావుల మీదే మాట్లాడి దిగిపోయాడు. చైర్మన్ కూడా ఆపలేదు. అంటే అక్కడ కూర్చున్న వాళ్ళందరికీ తెలిసిందేదో నాకు తెలీట్లేదు అన్నమాట.

అసలు బావిలో చెత్త నీళ్ళు పొయ్యడానికి గవర్నమెంట్ పర్మిట్ ఇవ్వడం ఏంటి? మధ్యలో చేపలేంటి? కాస్త తెలుగులో చెప్పండి ప్లీజ్.

టీనగర్ బాబాయ్:

ఏం లేదమ్మా, అక్కడ చాలా రాష్ట్రాల్లో నీళ్ళు, చేపలు, అడవులు, ఆయిలు అన్నీ కలిపి నేచురల్ రిసోర్సెస్ కమిటీ అని ఒకటే ఉంటుంది. మన ఊళ్ళో పోస్టాఫీసు, రేషన్ షాపు ఒకే బిల్డింగ్‌లో ఉన్నట్టు. ట్యాగ్ వేసేసి పడుకో.

అన్నానగర్ తాతయ్య:

బాబాయ్ గారు చెప్పింది సగం రైటండీ. మిగతా సగం నేను చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిక ఉంటే చదవమ్మాయ్.

నాది రాజమండ్రి. ముప్ఫై ఏళ్ళు ఆయిల్ రిగ్గుల మీద చేసి రిటైరై ఇప్పుడు మా అబ్బాయి దగ్గర ఇక్కడ ఉంటున్నాను. బావి అనగానే మనకి గిలక, చేద, పక్కన తులసి కోట గుర్తొస్తాయి, అందుకని బావిలో వ్యర్థం అంటే ఒళ్ళు మండుతుంది. ఇది ఆ బావి కాదు. భూమిలోంచి నూనె తీసినప్పుడు నూనె ఒక్కటే రాదు, దాంతో ఉప్పునీళ్ళు వస్తాయి, ఫార్మేషన్ వాటర్ అంటాం మేము. ముసలి బావుల్లో పీపా నూనెకి పది పీపాల నీళ్ళు రావడం మామూలే, చాలాచోట్ల అవి సముద్రం నీళ్ళ కంటే ఉప్పు. కాలవలో వదిలితే పొలం చస్తుంది, చెరువులో వదిలితే చేప చస్తుంది, అందుకని ఎక్కడినుంచి వచ్చాయో అంత లోతుకే వెనక్కి తోస్తారు. స్టీలు కేసింగు, దాని చుట్టూ సిమెంటు, లోపల ఇంకో ట్యూబింగు, ఆ రెండిటి మధ్య ఖాళీలో ప్రెషర్ గేజి. గేజి పడిపోయిందంటే ఎక్కడో లీకున్నట్టు.

అమెరికాలో దీనికి చట్టం 1974లో వచ్చింది, సేఫ్ డ్రింకింగ్ వాటర్ యాక్ట్. దాని కింద ఈపీఏ, అంటే అక్కడి పర్యావరణ సంస్థ, ఇంజెక్షన్ బావుల్ని ఆరు క్లాసులు చేసింది. ఒకటో క్లాసు ఫ్యాక్టరీల వ్యర్థాలు, మునిసిపాలిటీల మురుగునీళ్ళు బాగా లోతుకి పంపేవి. రెండోది మా ఆయిల్ వాళ్ళవి, అవే ఎక్కువ, సుమారు 1,80,000 బావులు ఉన్నాయి, కాకపోతే అందులో ఎక్కువ భాగం మిగిలిన నూనెని పైకి తోయడానికి నీళ్ళు పంపేవి, ఊరికే పారబోసేవి ఐదోవంతు. ఈ రెండో క్లాసు బావులన్నిట్లోకి కలిపి రోజుకి 200 కోట్ల గ్యాలన్లు పోతుంది, అంటే 750 కోట్ల లీటర్ల పైమాటే. మన చెన్నై మొత్తానికి మెట్రో వాటర్ వాళ్ళు రోజూ ఇచ్చేది సుమారు 100 కోట్ల లీటర్లు, నువ్వే లెక్కేసుకో. మూడోది గనుల వాళ్ళది, నాలుగోది ప్రమాదకర వ్యర్థాన్ని తక్కువ లోతులో పోసేది, దాన్ని 1984లోనే నిషేధించారు. ఐదోది ఏ క్లాసులోనూ పట్టని చిన్నాచితకా అన్నీ. ఆరోది కొత్తది, కార్బన్ డయాక్సైడు పాతిపెట్టడానికి.

ఇందులో నాకు నచ్చేది ఒకటుంది. లీటరుకి 10,000 మిల్లీగ్రాముల కంటే తక్కువ టీడీఎస్ (నీళ్ళలో కరిగిన ఉప్పులు) ఉన్న నీళ్ళ పొరని, ఇవాళ ఎవరూ తాగకపోయినా సరే, రేపు తాగాల్సొస్తుందేమోనని కాపాడాలి. మన తాగునీటి స్టాండర్డు 500, తప్పనిసరైతే 2000. అంటే మనం నోట్లో పెట్టలేని ఉప్పునీళ్ళని కూడా వాళ్ళు మనవల కోసం దాస్తున్నారన్నమాట. ఇంకా ఒకటో క్లాసులో ప్రమాదకర వ్యర్థం పంపాలంటే అది 10,000 ఏళ్ళ దాకా తాను పంపిన పొర దాటి కదలదని ముందే లెక్కలు కట్టి చూపించాలి.

రాష్ట్ర అసెంబ్లీకి ఇందులో పనేంటంటే, ఈపీఏ రూల్స్‌కి తగ్గట్టు రాష్ట్రం సొంత చట్టం చేసుకుంటే పర్మిట్లిచ్చే అధికారం రాష్ట్రానికే ఇచ్చేస్తారు, ప్రైమసీ అంటారు. టెక్సాస్‌లో ఆయిల్ బావుల పర్మిట్లు ఇచ్చే ఆఫీసు పేరు రైల్‌రోడ్ కమిషన్, దానికి రైళ్ళతో ఇప్పుడు ఏ సంబంధమూ లేదు, పేరు మాత్రం మార్చుకోలేదు. నీ ట్యాగుల్లో జాగ్రత్త, రవాణా అని పెట్టేవు.

మన దేశంలో కూడా ఆయిల్ డ్రిల్లింగుకి రూలుంది. పాత బావిలోకి నీళ్ళు తిరిగి పంపాలంటే నేలమట్టం నుంచి 1000 మీటర్ల కిందకే పంపాలి, అందులో నూనె లీటరుకి 10 మిల్లీగ్రాములు, మట్టి 100 మిల్లీగ్రాములు దాటకూడదు. సరిగ్గా చేస్తే ఇంతకంటే మంచి దారి లేదని నా నమ్మకం.

పెరుంగుడి నైట్‌షిఫ్ట్:

తాతయ్యగారూ, మా ట్రైనింగ్‌లో వారం రోజులు చెప్పింది మీరు ఒక్క పోస్టులో చెప్పేశారు, థాంక్స్ అండీ. రైల్‌రోడ్ కమిషన్ విషయంలో నిజంగానే ఒకసారి దొరికిపోయా, చెప్పుకోడానికి సిగ్గు.

కానీ 10,000 ఏళ్ళా? పదివేల ఏళ్ళ కింద మనుషులు ఇంకా సరిగ్గా వ్యవసాయం కూడా నేర్చుకోలేదు. ఎవరు చూడొచ్చారని సంతకం పెడతారు దాని కింద? సరే, చేపల సంగతి ఇంకా తేలలేదు.

మరక్కాణం రొయ్యపిల్ల:

అక్కా, చేపల సంగతి నాకొదిలెయ్. మాది నెల్లూరు జిల్లా, నేను మరక్కాణం దగ్గర రొయ్యల హేచరీలో పదకొండేళ్ళుగా చేస్తా ఉండా. ఈ కోస్ట్‌లో హేచరీల్లో మనోళ్ళు శానామంది, సాయంత్రం టీకొట్టు కాడ నిలబడితే నెల్లూరులో ఉండామా తమిళనాడులో ఉండామా తెలీదు.

హేచరీ అంటే ఏందనుకుంటా ఉండావు? నీళ్ళు. అంతే. తల్లి రొయ్యలు, మేత, ఆల్గే, ఏసీ రూములు అన్నీ తర్వాత, ముందు నీళ్ళు. గుడ్డు పగిలి నాప్లి వస్తాది, నాప్లి జోయా అవతాది, జోయా మైసిస్ అవతాది, ఆ తర్వాతే మనం పిల్ల అని అమ్మేది. ఈ జోయా ఉండాదే, దాని అంత సున్నితం ఇంకోటి లేదు. పెద్ద రొయ్య తట్టుకునే దాంట్లో పదోవంతు తేడాకి జోయా తోక కిందకేసి పోతాది. మేం ఇసక ఫిల్టర్లు, క్లోరిన్ కొట్టి పొద్దంతా గాలి పెట్టడం, లోహాలు ఏమన్నా ఉంటే పట్టుకుంటాదని ఈడీటీఏ కలపడం, ఇదంతా చేసేది ఆ మూడు రోజులు గట్టెక్కడానికే.

ఒక సంవత్సరం వరసగా మూడు సైకిళ్ళు, అంటే మూడు బ్యాచ్‌లు, జోయా రెండో రోజే పోయింది. మొదట తల్లులు బాగలేవనుకున్నాం, మార్చినాం. ఆల్గే కల్చర్ చెడిందనుకున్నాం, కొత్తది తెచ్చినాం. ఓనర్‌కి నామీదే డౌటొచ్చింది, మాటల్లో కనపడతానే ఉండేది. ఆఖరికి ఎవురో చెప్తే ఒడ్డున ఉండే బోరు ఆపేసి నేరుగా సముద్రం నుంచి లైన్ లాగి చూస్తే నాలుగో సైకిల్ బతికింది. బోరులో ఏమొచ్చిందో, యాడ్నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలీదు. ల్యాబ్‌లో మామూలు టెస్టులన్నీ నార్మలే. భూమి కింద జరిగేది అంతే అక్కా, సచ్చేది కనపడతాది, సంపేది కనపడదు.

ఇప్పుడు నీ అమెరికా ముసలాయన దగ్గరికి వస్తా. వాళ్ళ హేచరీలకి, మన హేచరీలకి పెద్ద తేడా ఉండాది. మనది వ్యాపారం, పిల్లని చెరువు రైతుకి అమ్మతాం. ఆడ ఎక్కువ గవర్నమెంట్ నడిపేది, ట్రౌట్, సాల్మన్ అనే చేపల పిల్లల్ని పెంచి నదుల్లో, సరస్సుల్లో వదలతారు, జనం గాలాలేసి పట్టుకుంటారు. ఆ ఖర్చు గాలం వేసేవాళ్ళ లైసెన్స్ ఫీజులోంచి, గాలాలు కొన్నప్పుడు కట్టే పన్నులోంచి పోతాది, ఆ పన్ను చట్టం 1950 నాటిది. అందుకే ఆ పెద్దాయన అంత హక్కుగా మాట్లాడినాడు, ఆ హేచరీ ఆయన డబ్బు.

ట్రౌట్‌కి చల్లటి నీళ్ళు కావాల, ఏడాదంతా ఒకే వేడిలో ఉండాల, రోగాలు లేని నీళ్ళు కావాల. నదిలో అట్టాంటి నీళ్ళు దొరకవు, ఎండాకాలం వేడెక్కతాయి, వరదకి బురదొస్తాది. దొరికేది ఊట కాడ, లోతు బోరు కాడ. ఐడహో రాష్ట్రంలో థౌజండ్ స్ప్రింగ్స్ అని ఉండాది చూడు, స్నేక్ నది లోయ గోడలోంచే నీళ్ళు దూకతా ఉంటాయి, ఏడాది పొడుగునా 15 డిగ్రీలు అటూ ఇటూ. అమెరికాలో తినేదానికి పెంచే ట్రౌట్‌లో సగానికి పైన ఆ చుట్టుపక్కల పెరిగేదే. ఆ నీళ్ళు యాడ్నుంచి వస్తాయి? పైన ఉండే మైదానం కింద పెద్ద లావా రాతి పొరలోంచి. అదే పొరలోకి పైన ఎక్కడో అణు పరిశోధన కేంద్రం వాళ్ళు 1984 దాకా వాళ్ళ వాడిన నీళ్ళు బోరులో పోసినారు. దానివల్ల ట్రౌట్‌కి ఏదో అయిందని నేను అనడంలా, మధ్యలో శానా దూరం ఉండాది. కానీ నీళ్ళు ఒకటే పొర. పైన ఒకడు పోస్తాడు, కింద ఒకడు తాగతాడు. మీ రివ్యూ మేడం గ్రౌండ్ వాటర్ అని ఎందుకు పెట్టమనిందో అర్థమయిందా?

ఇంకోటి, మేమేమీ పుణ్యాత్ములం కాదు. హేచరీ నుంచి బయటికి పోయే నీళ్ళలో మేత మిగులు, పెంట, మందులు అన్నీ ఉంటాయి. మిషిగన్‌లో ప్లాట్ నది మీద హేచరీ వల్ల కిందున్న సరస్సులో ఫాస్ఫరస్ పెరిగిందని ఇళ్ళవాళ్ళు గవర్నమెంట్ మీదే కేసేసి ఏళ్ళ తరబడి కొట్లాడినారు. అమెరికాలో చల్లనీళ్ళ చేపలు ఏడాదికి 9,090 కిలోల పైన తీసే హేచరీకి నీళ్ళు బయటికి వదలాలంటే పర్మిట్ కావాల. మనకి కూడా 2023లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం మార్చి హేచరీల్ని గట్టిగా దాని కిందికి తెచ్చినారు, ఆ అథారిటీ ఆఫీసు మన చెన్నైలోనే. రూల్స్ వచ్చినప్పుడు తిట్టుకున్నాం, ఇప్పుడు పక్కోడి నీళ్ళు మా ఇన్‌టేక్‌లోకి రాకుండా ఉండేదానికి అదే పనికొస్తా ఉండాది.

సెల్వి రెసిడెన్సీ 3బీ:

అక్కా మీ కంపెనీలో ఓపెనింగ్స్ ఉన్నాయా? బీకామ్, నైట్‌షిఫ్ట్ ఓకే.

ఆంబూరు బిర్యానీ:

తాతయ్యగారు చెప్పిందంతా బాగుండాది, కానీ సరిగ్గా చేస్తే అన్నారే, ఆ మాట దగ్గర నాకు కాలతాది.

మాది ఆంబూరు పక్కన, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బజార్లో ఉర్దూ. తోలు పరిశ్రమ అన్నం పెట్టింది, కాదనను, మా నాయన కూడా దాంట్లోనే చేసినాడు. మా అవ్వ వాళ్ళ ఊర్లో బావి పాలారు ఒడ్డునే ఉండేది. నా చిన్నప్పుడు ఆ నీళ్ళే తాగేటోళ్ళం. తర్వాత చేద పైకొచ్చినప్పుడు అంచున తెల్లగా ఉప్పు పేరుకునేది, ఆ తర్వాత కొబ్బరి చెట్లు మొవ్వ దగ్గర్నుంచి ఎండినాయి. అవ్వ పోయేదాకా అదే బావిని కడిగి పసుపు పెట్టేది, నీళ్ళు మాత్రం లారీ నుంచి కొనేది. అక్కడ ఎవరూ బోరేసి లోపలికి పంప్ చెయ్యలేదు, ఊరికే నేల మీద, ఏట్లో వదిలినారు, మిగిలింది భూమే చేసుకునింది.

ఇంక చట్టం సంగతి. మన వాటర్ యాక్ట్ కూడా 1974దే, అమెరికా వాళ్ళది వచ్చిన సంవత్సరమే. దాంట్లో 24వ సెక్షన్ ఏం చెప్తాదంటే నదిలో గానీ బావిలో గానీ మురుగు కాలవలో గానీ నేల మీద గానీ విషం కలిసేది వదలకూడదు. బావి అనే మాట అందులోనే రాసుండాది. అంటే వాళ్ళు ఆరు క్లాసులు పెట్టి కొలిచి పర్మిట్ ఇస్తారు, మనం తాతయ్య చెప్పిన ఆయిల్ బావుల్లాంటివి తప్ప ఒక్క మాటలో వద్దన్నాం. వినేదానికి మనదే గట్టిది. కానీ వద్దన్నదాన్ని కొలవరు కదా, లేనిదాన్ని ఎట్ల కొలిచేది? పారిశ్రామిక వాడల్లో ఎండిన బోరుకి రాత్రిపూట పైపు తగిలించే కథలు ఈ దేశంలో ఎన్ని వినలేదు? దానికి గేజి ఉండదు, సిమెంటు ఉండదు, మ్యాపులో చుక్క కూడా ఉండదు.

రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గర బిచ్‌ఛ్రీ అనే ఊర్లో హెచ్ యాసిడ్ అనే రంగుల రసాయనం చేసే ఫ్యాక్టరీల వల్ల బావులన్నీ పాడైతే సుప్రీం కోర్టు 1996లో పాడుచేసినోడే కట్టాల అని తీర్పిచ్చింది. అదే సంవత్సరం ఆగస్టులో మా వేలూరు తోళ్ళ కేసులో కూడా తీర్పు వచ్చింది. 2025 జనవరిలో మళ్ళీ అదే పాలారు మీద అదే సుప్రీం కోర్టు ఇంకో తీర్పు రాయాల్సి వచ్చింది. మధ్యలో ఇరవై ఎనిమిదేళ్ళు. అవ్వ పోయి కూడా పదేళ్ళయింది.

ఇంకోటి వినండి. 24వ సెక్షన్ తప్పితే ఇంతకుముందు ఏడాదిన్నర నుంచి ఆరేళ్ళ దాకా జైలు. 2024లో చట్టం మార్చి జైలు తీసేసి పదివేల నుంచి 15 లక్షల దాకా పెనాల్టీ అని పెట్టినారు. నీళ్ళు రాష్ట్రాల సబ్జెక్టు కాబట్టి ఆ మార్పు ముందు హిమాచల్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాలకే వచ్చింది, మిగతా రాష్ట్రాలు అసెంబ్లీలో తీర్మానం చేస్తే గానీ అక్కడికి పోదు. అంటే ఇది కూడా ఎమ్మెల్యేల చేతిలోదే. నైట్‌షిఫ్ట్ అక్కా, ఆ తీర్మానం ఏ రాష్ట్రంలోనైనా పెట్టినప్పుడు రెండు నిమిషాలు మైకిచ్చి మా అవ్వని మాట్లాడమనుంటారా? మన దగ్గర 2020 ఫిబ్రవరి 20న కావేరి డెల్టా జిల్లాల్లో కొత్త ఆయిల్ బావులు వద్దని తమిళనాడు చట్టం చేసింది, మంచి చట్టమే, నేను సంతోషపడినా. కానీ ఆ రోజే పెట్టి ఆ రోజే పాస్ చేసినారు. మంచిదైనా చెడ్డదైనా అదే స్పీడు.

అన్నానగర్ తాతయ్య:

బాబూ, నీ మాటకి అడ్డు చెప్పను. నేను గొప్పగా చెప్పిన ఆ లోతు బావులే తప్పు చేసిన కథ కూడా చెప్తాను, లేకపోతే నేను అబద్ధం ఆడినట్టవుతుంది. 1961లో డెన్వర్ దగ్గర అమెరికా మిలిటరీ వాళ్ళు రసాయన ఆయుధాల వ్యర్థాల కోసం 3671 మీటర్ల బావి తవ్వారు. అంత లోతుకి పంపేస్తే ఇంకేం భయం అనుకున్నారు. 1962లో పంపడం మొదలుపెట్టిన కొద్ది నెలల్లోనే ఊరు ఊగడం మొదలైంది. 1966లో పంపడం ఆపేశారు, అయినా పెద్ద కుదుపులు ఆపేసిన తర్వాత 1967లో వచ్చాయి. ఓక్లహోమాలో 2016లో 5.8 భూకంపం వచ్చింది కూడా ఇలాంటి ఆయిల్ నీళ్ళ బావుల వల్లే. మేము చదువుకునేటప్పుడు పైకి లీకవకుండా చూసుకోవడమే నేర్పారు, కిందనున్న రాయి జారుతుందని మాకెవరూ చెప్పలేదు.

గేజి ఉన్నవాడిని గేజి చూపించమని అడగొచ్చు, పైపు రాత్రిపూట తగిలించేవాడిని ఏం అడుగుతాం, అదొక్కటే నా తేడా.

మరక్కాణం రొయ్యపిల్ల:

తాతా, భూకంపం ఒకటే కాదు. హవాయిలో లహైనా అనే ఊరి మురుగునీళ్ళు శుద్ధి చేసి బావుల్లో పోసేవాళ్ళు, సముద్రంలో వదలడంలా కదా, భూమిలోకే కదా అని. సైంటిస్టులు రంగు పోసి చూసినారు, 84 రోజులకి ఆ రంగు సముద్రం అడుగున ఊటల్లో కనపడింది, పగడపు దిబ్బల పక్కనే. ఆడి కౌంటీ (మన జిల్లా లాంటిది) వాళ్ళేమో బావికి పర్మిట్ ఉంటే చాలు సముద్రానికి ఇంకో పర్మిట్ ఎందుకు అన్నారు. అది అమెరికా సుప్రీం కోర్టు దాకా పోయింది, 2020లో ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు. భూమిలోంచి తిప్పి పంపినా నేరుగా పోసినట్టే అయ్యే పనైతే పర్మిట్ తీసుకోవాల్సిందే అన్నారు.

ఇది నాకెట్ట తెలుసంటే, మా తల్లి రొయ్యల్లో శానా వరకు హవాయి నుంచే వస్తాయి. వేరే ద్వీపంలే, కంగారు పడబాకండి. విమానం దిగి ముందు మన నీలాంకరైలో ఉండే క్వారంటైన్‌కి పోతాయి, దేశంలోకి వచ్చే వెనామీ రకం తల్లి రొయ్యలన్నిటికీ అదే గేటు. ఆడ రోగాలు లేవని తేల్చినాక మాకిస్తారు. ఒకసారి అక్కడ వెయిటింగ్‌లో కూర్చుని హవాయి గురించి ఫోన్‌లో చదవతా ఉంటే ఈ కేసు తగిలింది. రొయ్యకి క్వారంటైన్ ఉండాది, నీళ్ళకి లేదే అనుకున్నా.

పెరుంగుడి నైట్‌షిఫ్ట్:

నేను ట్యాగ్ గురించి అడిగితే మీరు నాకు నిద్ర లేకుండా చేశారు, అందరికీ థాంక్స్. రెండు బిల్లులకీ గ్రౌండ్ వాటర్ పెట్టి పంపా, ఈసారి వెనక్కి రాలేదు. బీకామ్ తమ్ముడూ, మెసేజ్ పెట్టాను చూడు.

తాతయ్యగారూ, మీరు ఐదో క్లాసు చిన్నాచితకా అని ఒక్క మాటలో తేల్చేశారు కదా, నేను ఆఫీస్‌లో దాని డెఫినిషన్ తీసి చదివా. వాన నీళ్ళు భూమిలోకి దింపడానికి తవ్విన రీఛార్జ్ బావులు కూడా అందులోకే వస్తాయి! అంటే 2003లో చెన్నైలో ప్రతి బిల్డింగ్‌కీ కంపల్సరీ చేసిన వాననీటి బావులు అమెరికాలో ఉంటే అన్నీ ఇంజెక్షన్ వెల్స్ కిందే లెక్క. అది చదివినప్పటి నుంచి మా అపార్ట్‌మెంట్ బావి ఒకటే గుర్తొస్తోంది. కిందటేడు డ్రైనేజీ జామ్ అయిందని రెండు ఫ్లాట్ల వాళ్ళ వాషింగ్ మెషీన్ పైపు ఆ రీఛార్జ్ బావిలోకి కలిపారు, తాత్కాలికం అన్నారు, ఇప్పటికీ అలాగే ఉంది. నేను ఒకసారి గట్టిగా అడిగితే సెక్రటరీ గారు "సబ్బు నీళ్ళేగామ్మా" అన్నారు. మా బోరు దానికి పట్టుమని పదిహేను అడుగుల దూరంలో ఉంటుంది.

ఇవాళ పొద్దున షిఫ్ట్ అయ్యాక అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మొత్తం రాసి పెట్టా, ఆరు క్లాసులు, లహైనా, 84 రోజులు అన్నీ. ఇప్పటిదాకా ఇద్దరు గుడ్ మార్నింగ్ పువ్వులు పెట్టారు, ఒకాయన లిఫ్ట్ ఎప్పుడు బాగవుతుందని అడిగారు.

మరక్కాణం రొయ్యపిల్ల:

అక్కా, ఆ బావి లోతెంత? మీ బోరు ఎంత లోతులో ఉండాది? ముందు అది కనుక్కో. మీ బోరు నీళ్ళు ఒక సీసాలో పట్టి గట్టిగా ఊపి చూడు, నురగ ఎంతసేపు నిలబడతాదో.

పెరుంగుడి నైట్‌షిఫ్ట్:

లోతు తెలీదు, సాయంత్రం వాచ్‌మన్ అన్నని అడుగుతా. సీసా ఇప్పుడే ఊపా. ఇంకా నిలబడే ఉంది.